కన్సీల్డ్ క్యారీ పర్మిట్: న్యూజెర్సీలో ఎందుకంత కష్టం?

2010 జనవరిలో న్యూజెర్సీలో ఒక చిరు వ్యాపారిని కొందరు కిడ్నాప్ చేశారు. వాళ్లు వెతుకుతున్న మనిషి అతను కాదు. వేరెవరో అనుకుని పట్టుకున్నారు. కొట్టి, కట్టేసి, కారులో మిస్సోరీ రాష్ట్రం దాకా తీసుకెళ్లారు. అక్కడ ఎలాగో తప్పించుకుని ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ ముఠా మనుషులు మళ్లీ వస్తారేమోనన్న భయంతో, తుపాకీ వెంట పెట్టుకుని తిరగడానికి పర్మిట్ అడిగాడు. పోలీసులు సరేనన్నారు. చివరి నిర్ణయం తీసుకోవాల్సిన జడ్జి కుదరదన్నారు. ఫెడరల్ కోర్టులో దావా వేసిన తర్వాతే, 2011లో, పర్మిట్ అతని చేతికొచ్చింది.

కిడ్నాప్ అయి బతికొచ్చిన మనిషికే ఇంత కష్టమైతే, రాత్రి పదింటికి గల్లా లెక్క చూసుకుని షట్టర్ దించే దుకాణదారుకు, మాజీ భర్త బెదిరింపులు భరించలేక ఇల్లు మారిన స్త్రీకి ఆ పర్మిట్ దొరికే అవకాశం ఎంత? 2022 జూన్ వరకు దాదాపు లేదనే చెప్పాలి. ఆ తర్వాత సుప్రీంకోర్టు తీర్పుతో పర్మిట్లు ఇవ్వడం మొదలైంది. అయినా న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో మామూలు మనిషికి ఇది ఇప్పటికీ బోలెడు డబ్బు, టైమ్, ఓపిక అడిగే పని. ఈ కష్టంలో ప్రజల ప్రాణాల కోసం పెట్టింది ఎంత, అధికారుల ఇష్టాయిష్టాల వల్ల పుట్టింది ఎంత అన్నది విడదీసి చూడాలి. రెండింటినీ కలిపి సమర్థించడం, రెండింటినీ కలిపి తిట్టడం అమెరికాలో ఏళ్ల తరబడి జరుగుతున్న పొరపాటు.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. తుపాకీ కొనడం, ఇంట్లో ఉంచుకోవడం, దుస్తుల కింద పెట్టుకుని వీధిలో తిరగడం మూడూ వేర్వేరు. కన్సీల్డ్ క్యారీ అంటే మూడోది. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో ఈ మూడో పనికి పర్మిటే అక్కర్లేదు. టెక్సస్ 2021 సెప్టెంబర్‌లో, ఫ్లోరిడా 2023 జూలైలో ఆ దారి పట్టాయి. వెర్మాంట్‌లో ఎప్పుడూ పర్మిట్ లేనే లేదు. న్యూజెర్సీలో మాత్రం మొదటి మెట్టు నుంచే అనుమతులు కావాలి. రైఫిల్, షాట్‌గన్ కొనాలంటే ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు ఉండాలి. హ్యాండ్‌గన్ కొనాలంటే ఒక్కో తుపాకీకి ఒక్కో పర్మిట్ తీసుకోవాలి. సొంత ఇంట్లో, సొంత దుకాణంలో ఉంచుకోవడానికి ఇవి చాలు. గడప దాటి వీధిలోకి వెళ్లాలంటే క్యారీ పర్మిట్ కావాలి. అది లేకుండా పట్టుబడితే 5 నుంచి 10 ఏళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం.

అవసరం రుజువు చెయ్యమన్న నియమం

2022 జూన్ వరకు క్యారీ పర్మిట్‌కు న్యూజెర్సీ పెట్టిన అసలు షరతు పేరు ‘జస్టిఫయబుల్ నీడ్’. నేరచరిత్ర లేకపోవడం, వేలిముద్రలు ఇవ్వడం, గురి పరీక్షలో నెగ్గడం అన్నీ అయ్యాక, ‘నీకు మిగతావాళ్లకంటే ఎక్కువ ప్రమాదం ఎందుకుందో చూపించు’ అనేది ఆ షరతు. నిర్దిష్టమైన బెదిరింపులో, అంతకుముందు దాడో జరిగి ఉండాల్సి వచ్చేది. తుపాకీ తప్ప వేరే మార్గంలో ఆ ప్రమాదాన్ని తప్పించుకోలేనని కూడా చూపించాల్సి వచ్చేది. దరఖాస్తు మొదట ఊరి పోలీస్ చీఫ్ దగ్గరికి వెళ్లేది. ఆయన ఒప్పుకున్నాక సుపీరియర్ కోర్టు జడ్జి ముందుకు వెళ్లేది. ఇద్దరిలో ఎవరైనా కాదనే వీలుండేది.

ఈ షరతు ఇంత బిగుసుకుపోవడానికి 1971లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన సిక్కార్డీ తీర్పు ముఖ్య కారణం. పర్మిట్ అడిగింది ఒక సినిమా హాలు యజమాని. రాత్రిపూట కలెక్షన్ డబ్బు తీసుకెళ్లాలి, చుట్టుపక్కల నేరాలు ఎక్కువ అన్నది ఆయన వాదన. కోర్టు ఒప్పుకోలేదు. సెక్యూరిటీ పనుల్లో ఉన్నవాళ్లకు, ఆత్మరక్షణకు తక్షణ అవసరం చూపగలిగిన కొద్దిమందికి తప్ప పర్మిట్లు ఇవ్వకూడదన్న విధానాన్ని సమర్థించింది. డబ్బు చేతులు మారే ప్రతి వ్యాపారికీ ఇస్తే వీధుల నిండా హ్యాండ్‌గన్లు తిరుగుతాయన్నది దాని వెనక భయం.

ఆ భయం తేలిగ్గా కొట్టేసేది కాదు. ఇద్దరి మధ్య గొడవ ముదిరినప్పుడు జేబులో తుపాకీ ఉంటే ఏమవుతుందో అమెరికా రోజూ చూస్తోంది. కానీ ఆ భయాన్ని నియమంగా మార్చిన తీరులో పెద్ద లోపం ఉంది. ఆత్మరక్షణ కోసం అడిగేవాడు ముందు దెబ్బ తినాలి, బతికి ఉండాలి, ఆ దెబ్బ మళ్లీ పడుతుందని కాగితాలతో చూపించాలి అన్నట్టు ఉండేది. మొదటి దాడిలోనే చనిపోయినవాడు దరఖాస్తు పెట్టలేడు. పైగా ‘తగినంత అవసరం’ అంటే ఎంత అన్నదానికి కొలత ఎక్కడా ఉండేది కాదు. ఒక చీఫ్ ఒప్పుకున్న కారణాన్ని ఇంకో జడ్జి తోసిపుచ్చే వీలుండేది. దరఖాస్తు పెట్టే మనిషికి తను అర్హుడో కాదో ముందుగా తెలుసుకునే దారే ఉండేది కాదు.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కోసం కలెక్టరేట్ చుట్టూనో పోలీస్ కమిషనరేట్ చుట్టూనో తిరిగినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా ఏమీ అనిపించదు. పోలీసు రిపోర్టు, ప్రాణహాని ఉందన్న ఆధారం, చివరికి అధికారి నిర్ణయం. అయితే భారత రాజ్యాంగంలో ఆయుధం ధరించే హక్కు లేదు. అమెరికా రాజ్యాంగంలో 1791 నుంచి ఆ హక్కు చెప్పే రెండో సవరణ ఉంది. ఇంట్లో హ్యాండ్‌గన్ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్రాలు కూడా దాన్ని పాటించాలని 2010లో మెక్‌డొనాల్డ్ కేసులో తేల్చింది. ఇంటి బయట సంగతి మాత్రం ఇంకో పన్నెండేళ్లు తేలకుండా నానింది. న్యూజెర్సీ షరతును ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2013లో సమర్థించింది. ఆ కేసును వినడానికి 2014లో సుప్రీంకోర్టు నిరాకరించింది. అదే షరతు మీద వచ్చిన మరో కేసును 2020లోనూ పక్కన పెట్టింది.

ఈ వ్యవధిలోనే, 2015 జూన్‌లో, న్యూజెర్సీలోని బెర్లిన్ టౌన్‌షిప్‌లో ఒక మహిళను ఆమె మాజీ ప్రియుడు ఇంటి ముందే పొడిచి చంపాడు. అతను దగ్గరికి రాకూడదని అంతకుముందే ఆమె కోర్టు ఆర్డర్ తెచ్చుకుంది. ఇంటికి కెమెరాలు పెట్టించుకుంది. హ్యాండ్‌గన్ కొనడానికి ఏప్రిల్‌లో పర్మిట్‌కు దరఖాస్తు కూడా పెట్టుకుంది. చట్టం ప్రకారం 30 రోజుల్లో తేల్చాల్సిన దరఖాస్తు అది. 40 రోజులు దాటినా జవాబు రాలేదు. ఆ లోపే ఆమె హత్య జరిగింది. అది క్యారీ పర్మిట్ కాదు, ఇంట్లో ఉంచుకోవడానికి కొనే పర్మిట్ మాత్రమే. చేతిలో తుపాకీ ఉంటే ఆమె బతికేదా అన్నది ఎవరూ చెప్పలేరు. కానీ ప్రాణభయం ఉందని కోర్టే గుర్తించిన మనిషి విషయంలో, తన చట్టం తనకు పెట్టిన గడువును ప్రభుత్వ యంత్రాంగం పాటించలేదు. గడువు దరఖాస్తుదారుకు మాత్రమే కాదు, ఆఫీసుకూ ఉంటుంది. నియమం ఎంత కఠినంగా ఉన్నా సరే, ఈ ఆలస్యానికి సమర్థన లేదు.

సంతకం పెట్టే చేతిలో అధికారం

అధికారి విచక్షణ మీద నడిచే పర్మిట్ విధానం ఎవరికి ఉపయోగపడింది? చరిత్ర చూస్తే జవాబు బాధగా ఉంటుంది.

న్యూయార్క్‌లో ఈ కథ 1911 నాటి సల్లివన్ చట్టంతో మొదలైంది. దాచుకునే సైజు తుపాకీ ఏదైనా సరే, కలిగి ఉండాలంటే లైసెన్సు కావాలని ఆ చట్టం చెప్పింది. తుపాకీతో బయట తిరగాలంటే ‘సరైన కారణం’ చూపాలన్న మాట 1913లో చేరింది. అమల్లోకి వచ్చిన తొలి రోజుల్లోనే ఒక ఇటాలియన్ వలస కార్మికుడికి ఏడాది జైలుశిక్ష పడింది. వలస వచ్చినవాళ్ల చేతుల్లో ఆయుధాలు ఉన్నాయన్న భయం ఆనాటి పత్రికల్లో బాహాటంగానే కనిపించేది. తర్వాత 1980లో అక్కడి కోర్టు ‘మామూలు జనానికి ఉండే ప్రమాదం కంటే వేరైన ప్రత్యేక అవసరం’ చూపాలని ఆ షరతును ఇంకా బిగించింది.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఇదే విచక్షణ ఇంకో రూపంలో కనిపించింది. 1956 జనవరి 30న అలబామాలోని మాంట్‌గమరీలో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ ఇంటి మీద బాంబు వేశారు. భార్య, పసిపాప లోపలే ఉన్నారు. ఆ తర్వాత ఆయన తుపాకీ వెంట ఉంచుకునే పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకున్నారు. అధికారులు ఇవ్వలేదు. బాంబు పడిన ఇల్లు కూడా చాలినంత అవసరంగా వాళ్లకు కనపడలేదు.

ఇవన్నీ పాతకాలం సంగతులు అనుకోవడానికి లేదు. 2017లో న్యూయార్క్ నగర పోలీసు శాఖ లైసెన్స్ విభాగంలో పనిచేసిన అధికారుల మీద, లంచాలు తీసుకుని తుపాకీ లైసెన్సులు ఇప్పించారని ఫెడరల్ కేసులు నమోదయ్యాయి. కాలిఫోర్నియాలో మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉండే శాంటా క్లారా కౌంటీలో, షెరిఫ్‌గా (కౌంటీకి ఎన్నికయ్యే పోలీసు అధిపతిగా) ఉన్న లారీ స్మిత్ తన ఎన్నికలకు విరాళాలిచ్చినవాళ్లకు, పలుకుబడి ఉన్నవాళ్లకు పర్మిట్లు ఇచ్చి మామూలు దరఖాస్తులను మూలన పడేశారన్న ఆరోపణలు వచ్చాయి. 2022 నవంబర్‌లో సివిల్ జ్యూరీ ఆమె అవినీతికి, దుష్ప్రవర్తనకు పాల్పడినట్టు తేల్చింది. అంతకు కొద్దిరోజుల ముందే ఆమె పదవికి రాజీనామా చేశారు. నియమంలో కొలత లేని చోట ఆ ఖాళీని పలుకుబడి నింపుతుంది. లంచం అడిగే అధికారి దొరికితే అతన్ని శిక్షించవచ్చు. అడగకుండానే పెద్దమనుషుల ఫైలు ముందుకు జరిపే అలవాటును పట్టుకోవడం చాలా కష్టం.

దీనికి ఇంకో ముఖం ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు. లైసెన్సు దొరకని చోట, భయంతో లైసెన్సు లేకుండానే తుపాకీ పెట్టుకుని తిరిగి దొరికిపోయేవాళ్లు ఎవరు? న్యూయార్క్‌లో పేదల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్లు 2021లో సుప్రీంకోర్టుకు తమ అభిప్రాయం రాసిచ్చారు. రాష్ట్ర జనాభాలో నల్లజాతివాళ్లు 18 శాతమైతే, తుపాకీ కలిగి ఉన్నందుకు 2020లో నమోదైన తీవ్ర నేరాల కేసుల్లో వాళ్ల వాటా 78 శాతమని అందులో చెప్పారు. వీళ్లు తుపాకుల హక్కు కోసం పోరాడే వర్గం కాదు. రాజకీయంగా చూస్తే అవతలి వైపు వాళ్లు. అయినా ఈ లైసెన్సు పద్ధతి తమ క్లయింట్లను నేరస్తులుగా మారుస్తోందని చెప్పడానికి ముందుకొచ్చారు. తుపాకుల కట్టడి కోరేవాళ్లు ముందుగా చదవాల్సిన వాదన ఇది.

బ్రూయెన్ తీర్పు, ఆ తర్వాత

2022 జూన్ 23న సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో 6-3 తేడాతో ‘సరైన కారణం’ షరతును కొట్టేసింది. కేసు వేసినవాళ్లలో ఇద్దరు న్యూయార్క్ రాష్ట్రం రెన్సలేర్ కౌంటీ నివాసులు. వేటకు, గురి సాధనకు వాళ్లకు లైసెన్సులు ఉన్నాయి. ఆత్మరక్షణ కోసం ఎక్కడైనా వెంట ఉంచుకుంటామంటే మాత్రం ఒప్పుకోలేదు. రాజ్యాంగం ఇచ్చిన మరే హక్కునైనా వాడుకోవడానికి ప్రత్యేక అవసరం ఉందని అధికారికి రుజువు చెయ్యాలా అని మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ క్లారెన్స్ థామస్ ప్రశ్నించారు. 43 రాష్ట్రాల్లో అప్పటికే నిర్ణీత అర్హతలున్న వాళ్లకు పర్మిట్ ఇచ్చి తీరాల్సిన పద్ధతి ఉందని, న్యూయార్క్‌తో పాటు న్యూజెర్సీ, కాలిఫోర్నియా, మసాచుసెట్స్, మేరీలాండ్, హవాయిలే వేరుగా ఉన్నాయని తీర్పు గుర్తుచేసింది.

భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ స్టీఫెన్ బ్రయర్ తన మొదటి వాక్యంలోనే 2020లో తుపాకుల వల్ల చనిపోయిన అమెరికన్ల సంఖ్య పెట్టారు: 45,222. న్యూయార్క్‌లోనే బఫెలో నగరంలో ఒక సూపర్ మార్కెట్‌లో పదిమంది హత్యకు గురై అప్పటికి ఆరు వారాలు కూడా కాలేదు. తీర్పు వచ్చిన వేళ ఆ రాష్ట్ర ప్రజలకు ఎలా అనిపించి ఉంటుందో అర్థం చేసుకోవచ్చు.

తీర్పులో ఒక అధోజ్ఞాపిక (ఫుట్‌నోట్) ఉంది. తర్వాతి పోరాటాలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. నేరచరిత్ర తనిఖీ, శిక్షణ వంటి షరతులు పెట్టుకోవచ్చని, కానీ సాగదీసే ఆలస్యాలతోనో మోయలేని ఫీజులతోనో మామూలు పౌరులకు హక్కు అందకుండా చేస్తే దాన్ని కోర్టులో సవాలు చేయవచ్చని అందులో ఉంది. అవసరం రుజువు చెయ్యమనడం పోయింది. మిగిలింది డబ్బు, టైమ్, ఎక్కడెక్కడికి వెళ్లవచ్చన్న ప్రశ్న.

న్యూజెర్సీ అటార్నీ జనరల్ మాథ్యూ ప్లాట్కిన్ మరుసటి రోజే ‘జస్టిఫయబుల్ నీడ్’ అడగవద్దని పోలీసులను ఆదేశించారు. ఆరు నెలల్లో గవర్నర్ ఫిల్ మర్ఫీ కొత్త చట్టం మీద సంతకం పెట్టారు. 2022 డిసెంబర్ 22 నాటి ఆ చట్టం జడ్జి పాత్రను తీసేసి పర్మిట్ ఇచ్చే పనిని పోలీస్ చీఫ్‌కే అప్పగించింది. 90 రోజుల గడువు పెట్టింది. ఇవి రెండూ మంచి మార్పులే. అదే చట్టం దరఖాస్తు ఫీజును 50 డాలర్ల నుంచి 200 డాలర్లకు పెంచింది. రక్తసంబంధం లేని, కనీసం మూడేళ్లుగా తెలిసిన నలుగురు రిఫరెన్సులు ఇవ్వాలి. పోలీసులు వాళ్లతో మాట్లాడతారు. శిక్షణ పూర్తి చేయాలి. తన తుపాకీ వల్ల ఇతరులకు జరిగే నష్టానికి చెల్లించే 3 లక్షల డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ కూడా ఉండాలంది గానీ, ఆ షరతును 2023లో ఫెడరల్ జడ్జి రెనీ బంబ్ నిలిపేశారు. ఇన్ని చేసి తెచ్చుకున్న పర్మిట్ రెండేళ్లే చెల్లుతుంది.

నలుగురు రిఫరెన్సులంటే చిన్న షరతులా కనిపిస్తుంది. నిన్నగాక మొన్న వేరే రాష్ట్రం నుంచి మారినవాళ్లకు, ఒంటరిగా బతికేవాళ్లకు, వేధించే భర్త నుంచి పారిపోయి పాత పరిచయాలన్నీ తెంచుకున్న స్త్రీకి అది పెద్ద అడ్డంకి. ‘నేను తుపాకీ పర్మిట్ పెట్టుకుంటున్నాను, పోలీసులు ఫోన్ చేస్తే మాట్లాడతావా’ అని నలుగురిని అడగాలంటే టెన్షనే. ఆఫీసులో తెలిస్తే ఏమనుకుంటారోనని వెనకాడేవాళ్లు ఉంటారు. శిక్షణ సంగతి వేరు. న్యూయార్క్ 2022 సెప్టెంబర్ 1 నుంచి 16 గంటల తరగతి, 2 గంటల కాల్పుల సాధన తప్పనిసరి చేసింది. ఖర్చు వందల డాలర్లలో ఉన్నా సరే, ప్రాణం తీయగల వస్తువుతో జనంలో తిరిగేవాడికి 18 గంటలు ఎక్కువేమీ కాదు. ఆ ఖర్చును తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం భరిస్తే, భద్రత కోసమే ఈ షరతు పెట్టామన్న మాటకు బలం వచ్చేది. అదే న్యూయార్క్ చట్టం గత మూడేళ్ల సోషల్ మీడియా ఖాతాల వివరాలు ఇవ్వమని కూడా అడిగింది. దాన్ని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు నిలిపేసింది. నిలిపేయడమే సరైంది. ఒక మనిషి రాసుకున్న రాతలు చదివి అతని ‘మంచి నడవడిక’ను పోలీసు అధికారి అంచనా వేయడమంటే, పాత విచక్షణ మళ్లీ దొడ్డిదారిన రావడమే.

అన్నిటికంటే చిక్కు స్థలాల జాబితాతో వచ్చింది. న్యూజెర్సీ చట్టం పాతిక రకాల చోట్లను నిషిద్ధ ప్రాంతాలుగా ప్రకటించింది: పార్కులు, బీచ్‌లు, లైబ్రరీలు, మ్యూజియంలు, మద్యం అమ్మే రెస్టారెంట్లు, సినిమా హాళ్లు, ఆసుపత్రులు, క్యాసినోలు. యజమాని ప్రత్యేకంగా ఒప్పుకోనిదే ఎవరి ప్రైవేటు స్థలంలోకీ తుపాకీతో వెళ్లకూడదంది. వీటిలో కొన్నిటిని జిల్లా కోర్టు ఆపింది, ఆపినవాటిలో కొన్నిటిని పై కోర్టు మళ్లీ అమల్లోకి తెచ్చింది. స్కూళ్లు, కోర్టుల్లాంటి చోట్ల నిషేధానికి ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ జాబితా ఇంత పొడవైతే పర్మిట్ ఉన్న మనిషి రోజువారీ పనుల్లో ప్రతి రెండు ఆపుల మధ్యా తుపాకీ తీసి, తూటాలు బయటపెట్టి, కారులో లాక్ చేసి వెళ్లాలి. అలా పార్కింగ్ లాట్లలో వదిలిన కార్ల నుంచి దొంగలు ఎత్తుకెళ్లే తుపాకులే తర్వాత నేరాల్లో తేలడం అమెరికా పోలీసులకు బాగా తెలిసిన సమస్య. భద్రత కోసం పెట్టిన నియమం ఆ ప్రమాదాన్ని పెంచకూడదు.

న్యూయార్క్ జాబితాలో ప్రార్థనా స్థలాలు కూడా ఉన్నాయి. అంటే ఫ్లషింగ్‌లో మనవాళ్లు ఏళ్లుగా వెళ్లే గణపతి గుడి కూడా ఆ కిందికే వస్తుంది. మొదట్లో గుడి భద్రత చూసే వాలంటీర్లకు కూడా మినహాయింపు లేదు. 2023లో చట్టం సవరించి వాళ్లకు వీలు కల్పించారు. ప్రైవేటు స్థలాల నియమం మీద హవాయి నుంచి వెళ్లిన వుల్ఫర్డ్ కేసును 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించింది.

ఆలస్యం విషయానికొస్తే, లాస్ ఏంజెలెస్ కౌంటీని మించిన ఉదాహరణ లేదు. 2025 సెప్టెంబర్‌లో అక్కడి షెరిఫ్ శాఖ మీద ఫెడరల్ న్యాయశాఖే దావా వేసింది. 2024 జనవరి నుంచి 2025 మార్చి వరకు కొత్త లైసెన్సుల కోసం 3,982 దరఖాస్తులు వస్తే వాటిలో ఆమోదించింది రెండేనని ఆ దావా ఆరోపించింది. సిబ్బంది కొరత ఉందని, తాము వేల సంఖ్యలో పర్మిట్లు ఇచ్చామని షెరిఫ్ శాఖ అంటోంది. ఏది నిజమో కోర్టు తేలుస్తుంది. కానీ నెలల తరబడి ఫైలు కదలకపోతే, కాదని చెప్పకుండానే కాదన్నట్టు అవుతుంది. కాదంటే కనీసం అప్పీలుకు వెళ్లవచ్చు. జవాబే రాకపోతే వెళ్లడానికి దారి కూడా ఉండదు.

కఠినత్వం వల్ల ప్రాణాలు నిలుస్తాయా?

కట్టడి ఉన్న రాష్ట్రాల వాదనలో బలం ఉంది. 2022లో మసాచుసెట్స్‌లో తుపాకీ మరణాలు లక్ష జనాభాకు 4 కంటే తక్కువ. మిసిసిపీలో దాదాపు 30. ఈ తేడా మొత్తం క్యారీ పర్మిట్ వల్లే వచ్చిందనడం తప్పు. తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. పేదరికం, ఇళ్లలో ఉన్న తుపాకుల సంఖ్య, వైద్య సదుపాయం అన్నీ లెక్కలోకి వస్తాయి. పర్మిట్లు పెరిగితే నేరాలు తగ్గుతాయని 1990ల చివర్లో ఆర్థికవేత్త జాన్ లాట్ వాదించారు. 2004లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ఆ వాదనకు గానీ దాని వ్యతిరేక వాదనకు గానీ ఆధారాలు చాలవంది. 2019లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ డోనహ్యూ బృందం, సులభంగా పర్మిట్లిచ్చే చట్టాలు వచ్చిన పదేళ్లకు హింసాత్మక నేరాలు 13 నుంచి 15 శాతం ఎక్కువగా ఉన్నాయని లెక్కగట్టింది.

ఈ ఆధారాలను గౌరవించాలి. అయితే ఇవి జల్లెడ గట్టిగా ఉండాలని మాత్రమే చెబుతాయి. గృహహింస చేసినవాడికి, తాగి గొడవలు పడేవాడికి, ప్రాణహాని తలపెట్టేవాడికి పర్మిట్ రాకూడదు. 2024లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు కూడా 8-1 తేడాతో గృహహింస ఆర్డర్ ఉన్నవాళ్ల చేతిలో తుపాకీ ఉండకుండా చేసే ఫెడరల్ చట్టాన్ని సమర్థించింది. ఇలాంటి జల్లెడకు అధికారి ఇష్టాయిష్టాలతో పనిలేదు. అర్హతలు రాసి పెట్టి, గడువు పెట్టి, గడువు దాటితే ఆఫీసు జవాబు చెప్పేలా చేస్తే సరిపోతుంది. సినిమా హాలు యజమానికి ఒక న్యాయం, విరాళమిచ్చిన కోటీశ్వరుడికి ఇంకో న్యాయం ఉండటం వల్ల ఒక్క ప్రాణం కూడా నిలవలేదు.

తెలుగు కుటుంబాలకు తెలియాల్సినవి

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ దాకా, పెట్రోల్ బంకుల్లో, లిక్కర్ స్టోర్లలో రాత్రి షిఫ్టులు చేసే తెలుగువాళ్లు చాలామంది. దోపిడీల్లో ప్రాణాలు పోయిన వార్తలు మన ఊళ్ల దాకా వస్తూనే ఉన్నాయి. ఆ భయంతో తుపాకీ ఆలోచన రావడం సహజం. కానీ హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, విజిటర్ వీసాల మీద ఉన్నవాళ్లకు ఈ పర్మిట్ల చర్చ వర్తించనే వర్తించదు. వాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటమే ఫెడరల్ నేరం. 2022 సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. పైగా దేశం నుంచి పంపించేయవచ్చు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది గానీ, దానివల్ల రాష్ట్ర అనుమతుల అవసరం పోదు. ఫ్రెండ్స్‌తో సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్లి తుపాకీ అద్దెకు తీసుకోవడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. చాలామంది విద్యార్థులకు ఇది తెలియదు. ఇంట్లో ఒకరు సిటిజన్, మిగతావాళ్లు వీసా మీద ఉంటే, తుపాకీ లాక్‌లో ఉండి తాళం సిటిజన్ దగ్గరే ఉండటం అవసరం. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు ఈ వీసా నిషేధం లేదు.

రాష్ట్ర సరిహద్దు ఇంకో ఉచ్చు. న్యూజెర్సీ, న్యూయార్క్ వేరే రాష్ట్రాల క్యారీ పర్మిట్లను గుర్తించవు. 2013 అక్టోబర్‌లో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక తల్లి పెన్సిల్వేనియా పర్మిట్‌తో న్యూజెర్సీలోకి వచ్చింది. ట్రాఫిక్ పోలీసు ఆపితే తన దగ్గర తుపాకీ ఉందని తనే చెప్పింది. అరెస్టు చేశారు. కనీసం మూడున్నరేళ్ల జైలు పడే పరిస్థితి. ఇద్దరు పిల్లలున్న ఆమెను చివరికి 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్షతో బయటపడేశారు. పెన్సిల్వేనియా నుంచి బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి శనివారం పొద్దున్నే బయల్దేరే కుటుంబాలు ఎన్నో. అక్కడి పర్మిట్ డెలావేర్ నది దాటగానే పనికిరాదు. రెండు వైపులా చట్టబద్ధంగా ఉంచుకోగల చోట్ల మధ్య ప్రయాణమైతే, 1986 నాటి ఫెడరల్ చట్టం తూటాలు తీసేసి, చేతికందకుండా లాక్ చేసి తీసుకెళ్లడానికి మాత్రమే రక్షణ ఇస్తుంది.

టెక్సస్‌లో పర్మిట్ లేకుండా తిరిగిన అలవాటుతో న్యూజెర్సీకి ఉద్యోగం మారే సిటిజన్లు, గ్రీన్‌కార్డ్‌దారులు సామాను ప్యాక్ చేసే ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. 2022 జూలై చట్టం ప్రకారం కొత్తగా వచ్చిన నివాసులు 60 రోజుల్లోగా ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు తీసుకుని, బయటి రాష్ట్రంలో కొన్న తుపాకులను రిజిస్టర్ చేయించాలి. 10 తూటాలకు మించి పట్టే మ్యాగజైన్లు 2018 నుంచి అక్కడ నిషిద్ధం. క్యారీ పర్మిట్‌కు నలుగురు రిఫరెన్సులను వెతుక్కునే పని ఆ తర్వాతే మొదలవుతుంది.